మస్తాన్ భాయ్ బోటు

ఏళ్ల తరబడి చెవిటివాడిగా బతుకుతున్నాను. నాకు చెముడు లేదు. జగిత్యాల నుంచి ఫోన్ చేస్తే నా భార్య కూడా అరిచే మాట్లాడుతుంది. మీరెవరో నాకు తెలియదు గనకే చెబుతున్నాను. ఇంక మోయడం నా వల్ల కాదు.

మస్తాన్ భాయ్‌ది రాయచోటి. ఊళ్లో పొలం అమ్మి ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, చేపల బోటు కొన్నాడు. మాలాంటి పరాయి దేశం వాళ్ల పేరు మీద రాయరన్నారు, అందుకని కాగితాల్లో మా కఫీల్ పేరు, అంటే మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమాని పేరు పెట్టారు. ఇంజను నేను చూసుకునేవాణ్ణి. కఫీల్ ముసలాయన మంచివాడు. ఒకసారి మాతోపాటు సముద్రంలోకి వచ్చి, వచ్చీరాని హిందీలో అన్నాడు: "నాది పేరొక్కటే. బోటు మస్తాన్‌ది. రేపు నేను పోతే నువ్వే సాక్షివి." నన్ను చూస్తూనే అన్నాడు. అప్పుడు ఇంజను ఆగి ఉంది. ఆపింది నేనే.

ముసలాయన పోయాడు. కొడుకులు బోటు మాదన్నారు. వ్యవహారం కోర్టుకెక్కింది. మస్తాన్ భాయ్‌కి ఉన్న దిక్కల్లా నా సాక్ష్యమే. విచారణకు ముందు పెద్దకొడుకు నన్ను పిలిచి, "నీ ఇఖామా ఇప్పుడు నా చేతిలో ఉంది" అన్నాడు. ఆ కార్డు లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు.

కోర్టులో దుబాసీ మనవాడే. ఆ రోజు బోటులో ముసలాయన ఏమన్నాడో చెప్పమని తెలుగులోనే అడిగాడు.

"ఇంజన్ నడుస్తుండె సార్. నాకేం ఇనబడలే" అన్నాను.

భయంతోనే అన్నానా? ఇన్నాళ్లూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ ఒక్కరోజైనా భాయ్ చుక్కాని నా చేతికివ్వలేదన్న కుళ్లు లోపల ఉండేదే, అది కూడా ఆ నోటితో మాట్లాడలేదా? ఆయన వండిన కూడు తిని ఆయన కొంపే కూల్చాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇంకేమిటి?

బోటు పోయింది. బయటికొచ్చాక భాయ్ కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది! నా భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర గట్టిగా అన్నాడు: "నీ తప్పేం లేదబ్బీ. ఆ ఇంజను పక్కన కూర్చోని కూర్చోని నీ చెవులు పోయినాయి. నా బోటే కదా నిన్నిట్టా చేసింది."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. సరిగా వినపడనట్టు చెవి ఇంకా దగ్గరికి పెట్టాను. ఆ రోజు నుంచీ చెవిటివాణ్ణే.

ఖైతాన్‌లో ఇద్దరం ఒకే గదిలో ఉంటాం. ఆయనిప్పుడు ఒక హోటల్లో ఇంకొకళ్ల చేపలు తోముతున్నాడు. ఎవరైనా నన్ను చెవిటోడా అంటే వాళ్ల మీదికి కొట్లాటకు పోతాడు. నిన్న హవల్లీ బజారుకు వెళ్లి చెవి మిషన్ కొనుక్కొచ్చాడు. తనే నా చెవికి తగిలించి, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు ఇనపడతాందా అబ్బీ?"

తలూపాను. ఆయన సంతోషం పట్టలేక ఏడ్చేశాడు. థూ, నాదీ ఒక బతుకేనా?

ఆయనకు చెప్పే ధైర్యం ఇవాళ కూడా లేదు. రేపు వస్తుందని కూడా అనుకోను. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. కానీ ఒక్కరి ముందైనా సాక్ష్యం చెప్పకపోతే నాకు ఊపిరాడేలా లేదు. రాసుకోండి. బోటు మస్తాన్ భాయ్‌ది. ఆ మాట నేను విన్నాను.