ఓబుళేసు చూసిన డాల్ఫిన్

ఓబుళేసుతో ఏ మాట మొదలుపెట్టినా అది చివరికి డాల్ఫిన్ దగ్గరికి పోయి ఆగుతుంది. వానల గురించి అడగండి, డాల్ఫిన్. శెనక్కాయల ధర అడగండి, డాల్ఫిన్. గార్లదిన్నె పక్కనున్న ఆ పల్లె జనమంతా బస్సు మాట్లాడుకుని సింహాచలం పోయి, పన్లో పనిగా విశాఖలో పడవెక్కి వచ్చినప్పటి నుంచి ఇదే వరస.

ఆంజనేయులు చేనులో బోరు వేస్తుంటే నీళ్ళకు బదులు తెల్లటి దుమ్ము లేచింది. అందరూ తలలు పట్టుకున్నారు. ఓబుళేసు ముందుకొచ్చి, "దిగులు పడాకప్పా! డాల్ఫిన్ గూడా ముందు బుస్సుమని గాలే వదుల్తాది, ఆమీటే పైకి లేస్తాది" అన్నాడు. ఆంజనేయులు తువ్వాలు విసురుతూ రోడ్డు దాకా తరిమినాడు.

ఊరంతా నవ్వింది గానీ ఓబుళేసుతో కలిసి గొర్రెలు మేపే మల్లికార్జునకు మాత్రం కడుపు మండింది. ఆ యాత్రకు అతనూ పోవాల్సినవాడే. సరిగ్గా అప్పుడే గొర్రెలు ఈనుతున్నాయి. ఇద్దరిదీ ఒకే మంద. కాపలాకు మల్లికార్జున ఆగిపోయినాడు. తన చేతుల్లో ఈనిన గొర్రెల్లో ఓబుళేసువీ ఉన్నాయి, ఓబుళేసు కళ్ళబడిన డాల్ఫిన్ మాత్రం తనది కాదు! ఫోన్లో డాల్ఫిన్లను చూస్తూ కూర్చున్నాడు. ఛార్జింగు తగ్గింది గానీ మంట తగ్గలేదు.

ఒక్కటే ఊరట. యాత్రకు పోయిన భార్య గంగాదేవి కూడా డాల్ఫిన్‌ను చూడలేదు. అందరూ పడవెక్కితే తను ఒడ్డున చెప్పులకు, సంచులకు కాపలా కూర్చున్నానని చెప్పింది. అది తలుచుకున్నప్పుడల్లా ఆమె మీద ఎక్కడలేని ప్రేమ పుట్టేది.

ఓబుళేసు రోజూ సాయంత్రం వాళ్ళ అరుగు మీదే కూర్చుని ఆ కథే ఎత్తుకునేవాడు. ఒకరోజు మల్లికార్జున ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఆ చేప కత ఆపుతావా లేదా?"

"చేప గాదప్పా. మన గొర్రె మాదిరి పాలిచ్చే జీవం."

"ఇంగొక్కసారి దాని పేరెత్తితే నీ గొర్రెలు నీవి, నా గొర్రెలు నావి. తెల్లారే మంద పంచుకుందాం!"

చిన్నప్పటి నుంచీ కలిసి మేపిన మంద. ఓబుళేసు ముఖం వాడిపోయింది. తలుపు వైపు ఒకసారి చూసి, అయినా మొదలుపెట్టాడు. "నీళ్ళు అద్దం మాదిరి ఉండె. ఒకటే ఒకటి, తెల్లగా, ఎగిరి..."

"తెల్లగా యాడుండెన్నా? నల్లగా నిగనిగలాడతా ఉండె. ఒకటీ గాదు, పక్కన పిల్ల గూడా ఉండె!" లోపల్నుంచి గంగాదేవి.

మల్లికార్జున దిగ్గున లేచాడు. లోపల గిన్నె కింద పడింది.

"ఏమే, నువ్వు చెప్పుల కాడ గదా కూచున్నింది?"

ఓబుళేసు గొంతు సవరించుకున్నాడు. "చెప్పుల కాడ కూచున్నింది నేనప్పా. మనోళ్ళ పడవలు ముందే పాయె, ఆఖరి పడవలో బయటూరోళ్ళ నడుమ ఒక్కరికే చోటుండె. చెల్లెలు ఆశగా చూస్తాంటే నువ్వు పో అన్నా. తిరిగొచ్చినాక భయపడె. నీకు తెలిస్తే ఆరు నెల్లు మాట్లాడవని."

"మరి నువ్వు చూసినట్టు...?"

"నీ మంట ఎవురో ఒకరి మీద పడాల గదా. నా మీదే పడనీలే అనుకున్నా. పాపం, ఆయమ్మ ఎవురితోనూ చెప్పుకోలేకపాయ. నేను ఈడ చెప్తే లోపల కూచోని వింటాదని..."

మల్లికార్జునకు ఎవరి మీద కుళ్ళుకోవాలో తేలలేదు. చివరికి తలుపు వైపు తిరిగి, "బయటికి రా. యట్లుండెనో నువ్వే చెప్పు" అన్నాడు.

గంగాదేవి వచ్చింది. రాగిపిండి అంటిన రెండు చేతులూ కలిపి గాల్లోకి ఎగరేసి చూపించింది. ఎప్పుడూ వాగే ఓబుళేసు నోరు తెరుచుకుని విన్నాడు.

మరునాడు టీ అంగట్లో మల్లికార్జున గొంతే గట్టిగా వినబడింది. "మా యింటామె డాల్ఫిన్‌ను చూసింది. తల్లినీ పిల్లనూ!"

ఓబుళేసు పని కట్టుకుని ముఖం మాడ్చుకున్నాడు.

"నీకేమప్పా, డాల్ఫిన్‌ను చూసినామె ఇంట్లోనే ఉండాది. మా గతేంది?"