గడికీ గడికీ మధ్య

మొన్న హోసూరులో మా చెల్లెలి కూతురు లావుపాటి బొమ్మల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చింది. వీటిని ఇప్పుడు గ్రాఫిక్ నవల అంటారట. పేరుతో పాటు అట్ట కూడా గట్టిపడింది. గీత బాగుంది, రంగులు ఇంకా బాగున్నాయి. కానీ భయపెట్టాల్సిన చోట చిత్రకారుడు తొందరపడి దయ్యాన్ని పళ్ళతో సహా చూపించేశాడు. చూపించేశాక ఇంకేం భయం? ఈ మాట నాకు నేర్పినవాడు మా మరిది.

తొంభైల్లో నేను కాపురానికి వచ్చింది డెంకణికోట దగ్గర, అడవి అంచు పల్లెకు. మరిది బడిలో చదివింది అరవం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అరవ బొమ్మల కథలు తెచ్చి, ఒక్కో బొమ్మ గడి మీద వేలు పెట్టి, మా అత్తకూ నాకూ తెలుగులో చెప్పేవాడు. తుపాకీ పేలే గడి రాగానే పుస్తకం మూసి టీ అడిగేవాడు. టీ ఇస్తేగానీ అది పేలేది కాదు.

ఒక రాగి కోతల కాలంలో తనే ఒక కథ గీశాడు. ఆ రోజుల్లో మా పల్లెలో ఏనుగును ఏనుగు అనేవాళ్ళు కాదు. పేరెత్తితే వస్తుందని 'సామి' అనేవాళ్ళు. అతని కథలో ఏనుగు ఏ గడిలోనూ లేదు. విరిగిన కంచె, నీళ్ళు నిండిన అడుగుజాడ, మంచు, మంచులోంచి 'సామి వచ్చినాడు' అన్న కేక. ఆ తర్వాతి గడి ఖాళీ.

"సామి యాడరా?" అంది అత్త.

"గడికీ గడికీ మధ్యన ఉండాడమ్మా."

అత్త నవ్వలేదు. "రూపు గీసి ఆడనే కట్టేయప్పా. రూపు లేనిది ఊరికే ఉండదు."

ఆ ఏడు అతని స్నేహితుడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మాల వేసుకున్నవాళ్ళనూ సామి అనే కదా పిలుస్తాం. కథను కృష్ణగిరిలో అచ్చువేయిస్తానని, పొద్దున్నే వచ్చి తీసుకుపోతానని కబురు చేశాడు. ఆ పొద్దున మంచు వాకిలి దాకా వచ్చేసింది. చేను వైపు నుంచి ఎవరో కేక వేశారు: "సామి వచ్చినాడప్పో!"

"వదినా, టీ పెట్టు. సామికీ పెట్టు," అంటూ మరిది కాగితాలు చంకన పెట్టుకుని ఎదురు వెళ్ళాడు.

కేక మళ్ళీ వచ్చింది. ఆ గొంతులో వణుకు విన్నాక తెలిసింది, వచ్చింది ఏ సామో. నేను అరిచాను. మంచులో అతని వీపు అప్పటికే లేదు.

అతన్ని దుప్పటిలో మోసుకొచ్చారు. కాగితాలు మాత్రం గట్టు మీద దొరికాయి, మంచుకు కాస్త తడిసి. "ఆ గడిలో సామిని ఎవరిచేతన్నా గీయించండమ్మా," అని అత్త పోయేదాకా అడిగింది. మేము గీయించలేదు. ఇన్నేళ్ళు గడిచాయని అందరూ అంటారు; నాకు మాత్రం ఆ ఖాళీ గడి తర్వాత ఇంకో గడి రాలేదు.