మూడో కెమెరా ఆసుపత్రికి వెళ్లిన రోజు

పోయిన వారం కోయిలకుంట్లలో ఒక పెళ్లింట్లో కెమెరాల సంచి దించుతుంటే లోపల ఎవరో జీలకర్ర, బెల్లం కలిపి నూరుతున్నారు. ఆ వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా కాళ్లు ఒకచోట నిలవవు. ముహూర్తం దగ్గర పడుతోందని, నేను ఉండాల్సిన చోట లేనని లోపల ఏదో తరుముతుంది. మార్చిన లెన్సునే మళ్లీ మార్చాను. పెళ్లికూతురి చిన్నాన్న చూసి "ఏందమ్మా, అట్ల తిరుగుతాండావ్? కూర్చో" అన్నాడు. కూర్చోలేకపోయాను. సుగుణక్క గుర్తుకొచ్చింది.

సుగుణక్క నంద్యాలలో పెళ్లి ఫోటోలు తీసేది. భర్త పోయాక ఆయన స్టూడియోను మూయకుండా తానే నడిపింది. ఆదివారం పొద్దున చర్చి, మిగిలిన రోజులన్నీ ఎవరిదో ఒకరి పెళ్లి. బట్టల దుకాణంలోనూ, బడిలోనూ, ఏ ఉద్యోగంలోనూ కుదురుగా నిలవని నన్ను మొదట ఆల్బములు తయారుచేసే పనికి పెట్టుకుంది. తర్వాత చేతికి కెమెరా ఇచ్చింది. మాకు మూడు కెమెరాలు ఉండేవి. ఒకటి మండపం ఎదుట స్టాండు మీద వీడియో తీస్తూ ఉండేది. ఒకటి అక్క మెడలో, ఒకటి నా మెడలో. పనిలో ఉన్నంతసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు, ఫోను ఎత్తేది కాదు. నేను దారికి అడ్డొస్తే భుజం పట్టుకుని పక్కకు జరిపేది, అంతే.

ఆళ్లగడ్డలో జరిగిన ఆ పెళ్లికి మొదటిసారి నన్ను మండపం మీదికి రమ్మంది. ముహూర్తపు ఫోటోలు దగ్గరనుంచి నేను తీయాలి. దాని కోసం ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. పెళ్లికూతురు పేరు భారతి. ఆమె తండ్రి సుబ్బయ్యగారు ట్రాక్టరు మీదనుంచి పడి తుంటి విరిగి, నంద్యాలలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పెళ్లికొడుకు సైన్యంలో పనిచేస్తాడు. సెలవు మళ్లీ దొరకదని, పెళ్లి ఆపొద్దని సుబ్బయ్యగారే పట్టుబట్టాడు. తోడున్నవాళ్లను కూడా పెళ్లికి పంపేశాడు. కన్యాదానం పెదనాన్న, పెద్దమ్మ చేయాలని నిర్ణయమైంది.

పెళ్లిరోజు తెల్లవారుజామున జడ వేయించుకుంటూ భారతి అద్దంలోనుంచే అడిగింది. "అక్కా, నాయన చూస్తాడా?"

"ఫోన్లో చూపిస్తామమ్మా" అంది అక్క. తర్వాత నన్ను బయటికి పిలిచింది. "కెమెరా తీసుకోని నంద్యాలకు పో. పాప వాళ్ల నాయన కాడ ఉండు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. "ముహూర్తం పూట నన్ను పంపిస్తే ఈడ ఒక్కదానివే ఎట్లక్కా?"

"పెళ్లి ఆడ గూడా జరుగుతాంది. బేగా పో."

ఆటోలు ఆపుకుంటూ, బస్సు మారుతూ, దారంతా ఆమెను లోపల తిట్టుకుంటూనే పోయాను. వార్డులో సుబ్బయ్యగారు కొత్త చొక్కా వేసుకుని దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఒక చేతికి సెలైను. పక్కన కాగితంలో అక్షింతలు. భార్య ఇచ్చిపోయిందట. నన్ను చూసి "నువ్వెందుకొచ్చినావమ్మా, ఈడేముంది?" అన్నాడు. అదే మాట నేనూ అనుకుంటున్నాను.

పెళ్లింటివాళ్లెవరో వీడియో కాల్ చేస్తే నా ఫోన్లో మండపం కనిపించింది. వధూవరుల మధ్య తెర పట్టుకున్నారు. అంతలో బొమ్మ ఆగిపోయింది. కిటికీ దగ్గరికి పోయాను, వరండాలోకి పోయాను, తిరిగొచ్చాను. అదే తెర, అదే బొమ్మ. ఆయన మంచం అంచును గట్టిగా పట్టుకున్నాడు. ఎత్తదని తెలిసినా అక్కకు ఫోన్ చేశాను.

ఎత్తింది. "అన్న చెవికాడ పెట్టు" అంది.

వెనక సన్నాయి మోగుతోంది. దాని మీదుగా అక్క గొంతు నాకూ వినిపించింది. "అన్నా, తెర ఇంకా దించలేదు. పాప తల వంచుకోని ఉంది. నీ వదినమ్మ దండ సర్దుతాంది. జీలకర్ర బెల్లం చేతికిచ్చినారు." మధ్యలో ఎవరో పెద్దమనిషి గద్దించాడు. "ఫోటోలు తీస్తాండావా, ముచ్చట్లు పెట్టుకుంటాండావా?" అక్క ఆపలేదు. "పెట్టినారన్నా. తెర తీసినారు. పాప నవ్వుతాంది. తాళి తీసుకున్నాడు. కడతాండాడన్నా, ఏసెయ్."

సుబ్బయ్యగారు సెలైను చేత్తోనే అక్షింతలు తీసి గాల్లోకి వేశాడు. కొన్ని నా మీద, కొన్ని ఆయన దుప్పటి మీద పడ్డాయి. నా ఒక చెయ్యి ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకుని ఉంది. రెండో చేత్తో కెమెరా ఎత్తి నొక్కాను. ఫోటో కాస్త పక్కకు వాలింది.

ఆల్బము చూడడానికి వచ్చినప్పుడు పెళ్లికొడుకు మేనత్త ఆ ఫోటో మీద వేలు పెట్టింది. "ఆసుపత్రి మంచం పెళ్లి ఆల్బములో ఏందమ్మా? తీసెయ్." ఫోన్లో మాట్లాడుతూ అక్క తాళి కట్టే ఘట్టంలో రెండు మంచి ఫోటోలు పోగొట్టుకుందని కూడా ఆమె గుర్తుచేసింది.

"పోయినాయమ్మా, నిజమే" అంది అక్క. "ఇది తీసేయాలంటే మాత్రం పాప చెప్పాల."

భారతి ఆ ఫోటోను చాలాసేపు చూసింది. "దీన్ని తాళి ఫోటో పక్కన పెట్టక్కా" అంది. ఆమె భర్త తల ఊపాడు. అక్క నన్ను మెచ్చుకోలేదు. వాలిన ఫోటోను సరిచేయబోతే మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

నడుము నొప్పితో సుగుణక్క పని మానేసి ఇప్పుడు పాణ్యంలో చెల్లెలి దగ్గర ఉంటోంది. స్టూడియో నేను నడుపుతున్నాను. కెమెరాలు పెరిగాయి, మనుషులూ పెరిగారు. పెళ్లి మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లను ముహూర్తం అడిగాక ఇంకో మాట అడుగుతాను. "రాలేనోళ్లు ఎవరన్నా ఉండారా?" చాలామంది లేరంటారు. కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్లు నోరు తెరిచి ఆ పేరు చెప్పేదాకా నాకు కుదురు ఉండదు.