రేవు బయట ఆగిన పాలీహౌస్ షీటు

ఓడల మీద సరుకు తెప్పించే కంపెనీలో నా ఉద్యోగం. కంటైనర్ ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్ళకు జవాబు చెప్పడమే పని. మాది కాకినాడ వైపు. ఉండేది మొయినాబాద్‌లో, ఒక రైతు ఇంటి మేడమీద కిరాయికి. ఆయన్ని అన్నా అని, ఆయన భార్యను వదినా అని పిలుస్తాను.

అన్నకు చేవెళ్ల దగ్గర పాలీహౌస్ ఉంది. అందులో జెర్బెరా పూలు వేశాడు. ఎండాకాలం చివర్లో గాలివాన వచ్చి పైన కప్పిన ప్లాస్టిక్ షీటును చీల్చేసింది. కొత్తది విదేశం నుంచి రావాలి. వానలు ముదరకముందే తెప్పిస్తానని డీలర్ మాటిచ్చాడు. ఓడ వచ్చింది కూడా. కానీ రేవులో చోటు లేక బయట సముద్రంలోనే లంగరు వేసుకుని నిలబడింది.

ఆ డీలర్ సరుకు తెచ్చేది మా కంపెనీయే కాబట్టి ఆ సంగతి నేనే చెప్పాల్సి వచ్చింది. అప్పట్నుంచి నేను సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అన్న గేటు పక్క కుర్చీలో కూర్చుని ఉండేవాడు.

"ఏమన్న తెలిసిందా అమ్మా?"

పగలంతా ఫోన్‌లో ఎంతమందికో చెప్పిన మాటలే మళ్ళీ చెప్పేదాన్ని. దూరదేశంలో యుద్ధం వల్ల ఓడలు చుట్టుదారి పట్టాయి. ఒకదాని వెనక ఒకటి రావలసినవి అన్నీ కలిసి వచ్చిపడ్డాయి. ముందు దించిన కంటైనర్లు రేవు యార్డులోనే ఉండిపోయాయి. గోదాముల్లో జాగా లేక కొందరు, కాగితాలు పూర్తికాక కొందరు, లారీలు దొరక్క కొందరు వాటిని తీసుకెళ్ళలేదు. అవి కదలకపోతే కొత్తవి దించే చోటుండదు. సెలవురోజు చిల్కూరు గుడి దగ్గర బండ్లు పెట్టే జాగా నిండితే వెనక వచ్చేవి రోడ్డు మీదే ఆగిపోవడం లేదా, ఇదీ అంతే అన్నాను.

"ఇంకో రేవుకు తీస్కపోతే కాదా?" అన్నాడొకసారి.

కొన్ని ఓడలు అలాగే పోయాయి. అందరికీ అదే ఆలోచన రావడంతో ఆ రేవూ కిక్కిరిసిపోయింది. కొన్ని కంటైనర్లను రైళ్ళ మీద సముద్రానికి దూరంగా ఉండే లోపలి డిపోలకు పంపుతున్నారనీ, లారీలను టైమిచ్చి పిలుస్తున్నారనీ, సరుకు వదిలేసినవాళ్ళకు జరిమానా పెంచారనీ చెప్పాను. ఇవన్నీ పనిచేస్తాయి. కానీ అంత పేరుకుపోయాక తగ్గడానికి వారాలు పడుతుంది. ఆ మాట చెబుతున్నప్పుడు నా గొంతు నాకే విసుగ్గా వినిపించేది.

ఒకరోజు వదిన చాయ్ తెచ్చి నా చేతికిచ్చి, అన్న వైపు తిరిగింది.

"పొద్దంత ఆఫీసుల గదే ముచ్చట, ఇంటికొస్తె గదే ముచ్చట. ఆమెను జర కూసోనియ్యి."

అన్న లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అడగడం మానేశాడు. గేటు చప్పుడుకు తలెత్తి చూసి, మళ్ళీ ఫోన్‌లోకి చూసుకునేవాడు. అడిగినప్పటికన్నా నాకదే కష్టంగా ఉండేది.

చివరికి కంటైనర్ దిగింది. దిగినా చేతికి రాలేదు. దాని మీద ఇంకొన్ని పేర్చారు. అవి తీస్తేగాని ఇది బయటికి రాదు. రేవు దగ్గరుండే మా ఏజెంటుకు రోజూ ఫోన్ చేశాను. నా చేతుల్లో ఏముంది మేడం అనేవాడు పాపం. అతని గొంతూ నా గొంతులాగే ఉండేది.

లారీ చేవెళ్ల చేరేసరికి వానలు దంచికొడుతున్నాయి. అప్పటికే పైన కప్పు లేక తడిసి పూలమొక్కలు మొదళ్ళు కుళ్ళిపోతే అన్న పీకించేసి, ఆ మడుల్లో పాలకూర చల్లాడు. ఆ గాలిలో అంత పెద్ద షీటు పైకెక్కించడం ఎవరివల్లా కాదు. వానలు తగ్గేదాకా అది షెడ్డులో చుట్టలుగా పడి ఉంది.

తెరిపిచ్చాక ఒక ఆదివారం వదినతో నేనూ వెళ్ళాను. పనివాళ్ళు షీటు లాగి బిగిస్తున్నారు. అన్న గట్టు మీద కూర్చున్నాడు. ఇక పూల జోలికి పోనని, క్యాప్సికం పెడతానని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు.

"ఇప్పుడన్న ఖాళీ అయిందా ఆ రేవు?"

"కొంచెం తగ్గింది అన్నా. ఇప్పుడు ఇంకోచోట మొదలైంది."

తల ఊపి, పాలకూర కోసి నాకిచ్చాడు. ఇంటికొచ్చాక వండే ఓపిక లేక వదినకే ఇచ్చేశాను. ఆమె పప్పులో వేసి, నాకో గిన్నె పైకి పంపింది.