గుండ్రంగా తిరగని బాట

మియాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ల వెనక ఒక పార్కు ఉంది. అందులో నడిచే బాట గుండ్రంగా ఉంటుంది. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా మేమంతా అక్కడ గానుగెద్దుల్లా తిరుగుతాం. అందరూ ఒకే వైపు తిరగాలన్న నియమం ఎవరు పెట్టారో తెలియదు గానీ, కొత్తవాళ్ళెవరైనా ఎదురు నడిస్తే ఒక పెద్దాయన ఆపి మరీ చెబుతారు. ఎంత దూరం నడిచారని ఇక్కడ ఎవరూ అడగరు. ఎన్ని రౌండ్లయ్యాయి అని అడుగుతారు.

నేను ఐదు రౌండ్లు వేసి గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చుంటాను. మా ఆయన పది వేస్తారు. నాలుగు నిమిషాలకోసారి నా ముందు నుంచి వెళ్తారు. వెళ్ళిన ప్రతిసారీ పెదవుల రంగు చూస్తాను, చెమట చూస్తాను, ఊపిరి ఎలా తీస్తున్నారో చూస్తాను. చూడనట్టు చూస్తున్నానని అనుకునేదాన్ని.

నేను చెప్పబోయే సంగతికి ఏడాదిన్నర ముందు ఆయనకు గుండెపోటు వచ్చింది. పెద్దదేమీ కాదు. సమయానికి తీసుకెళ్ళాం, స్టెంట్ వేశారు. నేను నర్సును. గుంటూరు నుంచి వచ్చి గచ్చిబౌలి వైపు ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. ఆయన బాలానగర్‌లో ఒక కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేసి రిటైరయ్యారు. స్టెంట్ పడిన నెలలోనే నేను ఉద్యోగం మానేశాను. ఆయన కోసం మానేశానని చర్చిలోనూ, అపార్ట్‌మెంట్‌లోనూ, ఫోన్లోనూ అందరికీ చెప్పాను. ఆయన మాత్రం మానమని ఎప్పుడూ అనలేదు.

పార్కులో నడిచేవాళ్ళలో సగం మంది హైటెక్ సిటీ కంపెనీల్లో పనిచేసేవాళ్ళే. వాళ్ళకు ఆఫీసులో లాగిన్ అయ్యే ముందు చెమట పట్టాలి, అంతే. వాళ్ళలో ఒకామె, టీమ్ లీడ్ అట, ఒకరోజు మా పార్కు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టింది. ఎంతకాలం ఈ పార్కులోనే తిరుగుతాం, వికారాబాద్ వైపు గుట్టల్లో అడవి శాఖ గదులున్నాయి, శనివారం పోయి ఒక రాత్రి ఉండి అడవిలో నడిచి వద్దాం అని. మర్నాటికి ఒక షీటు తయారు చేసింది. వాళ్ళకు అడవికి వెళ్ళాలన్నా షీటు కావాలి. ఎవరి కారులో ఎవరు, ఇడ్లీలు ఎవరు, తాగే నీళ్ళు ఎవరు అన్నీ అందులో ఉన్నాయి. నా పేరు ఎదురుగా ‘మెడికల్’ అని రాసింది. మా ఆయన అది చూసి చాలాసేపు నవ్వారు.

నాకు వెళ్ళడం ఇష్టం లేదు. అడవిలో ఫోన్ పనిచేయదు, దగ్గర్లో దవాఖాన లేదు. ఆయన ఏమీ వాదించలేదు గానీ, ఆ రోజే వెళ్ళి కొత్త బూట్లు కొనుక్కొచ్చారు. ఇక ఏం చేస్తాం. ఆదివారం ఆరాధనకు రాలేమని పాస్టరు గారికి చెప్పి, బీపీ మిషను, ఆయన మందుల పెట్టె, నాలుక కింద పెట్టుకునే మాత్రల షీటు సంచిలో సర్దుకున్నాను. పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్తున్నావని మా ఆయన అన్నారు. నిజమే, కానీ ఆ పిల్లి లేకుండా నేను గుమ్మం దాటి చాలా రోజులైంది.

శనివారం మధ్యాహ్నానికి చేరాం. పద్నాలుగు మందిమి. టేకు చెట్ల మధ్య విసిరేసినట్టు నాలుగైదు గదులు, ముందు అరుగులు, వంటకు ఒక పెద్ద రేకుల షెడ్డు. చలి పోతూ ఉన్న రోజులు. టేకాకులన్నీ రాలిపోయి నేల మీద అప్పడాల్లా పరుచుకున్నాయి. ఎవరు ఎక్కడ అడుగేసినా అందరికీ వినబడుతోంది. భోజనాలయ్యాక మూడింటికి నడక మొదలన్నారు. అడవి శాఖ గైడు అందర్నీ షెడ్డు ముందు నిలబెట్టి బాట గురించి చెబుతుండగా, నేను గదిలో మా ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టి కూర్చున్నాను. మొదటిసారి కాస్త ఎక్కువ చూపించింది. ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ చూశాను. మేము బయటికి వచ్చేసరికి గైడు మాటలు అయిపోయాయి, వరస కదిలింది. అందరి వెనకా మేము.

ఒక కిలోమీటరు బాగానే నడిచాను. తర్వాత గుట్ట ఎక్కడం మొదలైంది. బాట నిండా గులకరాళ్ళు, పక్కన సీతాఫలం పొదలు. పార్కులో పదేళ్ళు తిరిగిన కాళ్ళు ఇక్కడ పనికిరాలేదు. ఆయన మాత్రం కుర్రాడిలా పోతున్నారు. నా కోసం ఆగి, మళ్ళీ ఆగి, విసుక్కుంటున్నారు. చివరికి దారి పక్కన ఒక బండ కనిపిస్తే కూలబడి, మీరు వెళ్ళండి, నేను ఇక్కడే ఉంటాను అన్నాను.

“సరే. ఒక రౌండేసి వస్త. నువ్వీడ్నే కూసో,” అన్నారు ఆయన.

నాకు అందులో తప్పేమీ కనబడలేదు. బాట అన్నాక గుండ్రంగా ఉంటుంది. వెళ్ళిన మనిషి అటు తిరిగి మళ్ళీ మన ముందుకే వస్తాడు. పదేళ్ళ నుంచీ అదే చూస్తున్నాను. అందుకే నిశ్చింతగా బండ మీద కూర్చుని, ఆయన వచ్చే వైపు, అంటే మేము బయలుదేరిన వైపు చూస్తూ ఉన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అరగంటైంది. అడవి బాట కదా, పెద్ద రౌండు కాబోలు అనుకున్నాను. కొండముచ్చులు రెండు వచ్చి నన్ను చూసి వెళ్ళాయి. ముప్పావుగంటైంది. గంటైంది. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఒళ్ళో సంచి ఉంది. సంచిలో మాత్రలు ఉన్నాయి. అప్పటిదాకా అవి నా దగ్గర ఉండటమే ధైర్యంగా ఉండేది. ఆయన దగ్గర లేవన్న సంగతి అప్పుడు తట్టింది.

అంతలో నేను ఎదురుచూడని వైపు నుంచి, అంటే వాళ్ళంతా వెళ్ళిన వైపు నుంచి, ఒకామె నెత్తిన మూటతో వచ్చింది. గదుల దగ్గర ఊడ్చి వంట చేసే ఆమె. పక్క ఊరి నుంచి అడ్డదారిన ఈ బాటలో కలిసి, రాత్రి వంటకు వస్తోంది. ఒంటరిగా కూర్చున్నానేమని అడిగింది. మా వాళ్ళు తిరిగి వస్తారని చూస్తున్నానని చెప్పాను.

“ఈ బాట తిరిగి రాదమ్మా. సీదా గుట్ట దిగి అవుతలి సడక్‌కు పోతది. మీవోళ్ళను జీపుల తోల్కొస్తరు,” అంది.

సంచి భుజాన వేసుకుని లేచాను. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఎంతమందికి చెప్పానో, ఇంకో గంట ముందు తీసుకొచ్చి ఉంటే బాగుండేదమ్మా అని. ఆ గంట నేను బండ మీద కూర్చుని గడిపాను. ఇంకా ఎంత దూరమని అడిగితే, పెద్ద దూరం లేదు, మూడు కిలోమీటర్లకు జర ఎక్కువ అంది. నా మొహం చూసి ఏమనుకుందో, మూట అక్కడే చెట్టు మొదట్లో దించి, నేను కూడా వస్తా పద అని వెనక్కి తిరిగింది.

ఆ నడక గురించి ఎక్కువ గుర్తు లేదు. పరుగెత్తడం, ఆయాసం, మళ్ళీ పరుగు. ప్రభువా, ప్రభువా అనడం తప్ప ప్రార్థనలో ఇంకో ముక్క రాలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆయన పడి ఉంటారనే అనుకున్నాను. ఏ వైపుకు ఒరిగి ఉంటారో, ముందు ఏం చెయ్యాలో, ఆమెతో ఏం చేయించాలో అన్నీ మనసులో వరస పెట్టుకున్నాను. భయపడుతూనే ఆ వరస తప్పకుండా తయారుగా ఉన్నాను. నన్ను నేను మెచ్చుకోవాలో తిట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు.

గుట్ట కింద రోడ్డు పక్కన అడవి శాఖ చెక్‌పోస్టు ఉంది. దాని ముందు నులకమంచం మీద మా ఆయన కూర్చుని రేగుపళ్ళు తింటూ, కాపలా మనిషితో బాలానగర్ కబుర్లు చెబుతున్నారు. మిగతావాళ్ళు జీపులో వెళ్ళిపోయారు, చోటు చాలక ఈయన ఆగారు. నేను బాట మొదట్లో కూర్చున్నానని ఆయన చెబితే, గైడు నన్ను తీసుకురావడానికి అదే జీపులో అటునుంచి వెళ్ళాడట. నేనేమో ఇటు పరుగెత్తుకొచ్చాను.

నేను ముందు ఆయన మణికట్టు పట్టుకుని గడియారం చూశాను. దవడ లాగుతోందా, చెయ్యి బరువుగా ఉందా అని అడిగాను. ఆయన లెక్క పూర్తయ్యేదాకా చెయ్యి ఇచ్చారు. తర్వాత మెల్లగా విడిపించుకున్నారు.

“నాకేం కాలె. నువ్వు జర కూసో,” అన్నారు. రేగుగింజ ఊసి, నా వైపు చూడకుండా అన్నారు, “ఒక మాట చెప్త, కోపం చేస్కోకు. ఇయ్యాల నువ్వు ఎన్క లేవు గద. నాకు గుండె ఉన్నదన్న సంగతే యాదికి రాలె. గిట్లుండక ఏడాదిన్నర అయింది.”

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చిన మనిషికి దక్కిన బహుమానం అది. కోపం వచ్చింది. చాలా వచ్చింది. టోపీ ఎందుకు పెట్టుకోలేదు, కడగని రేగుపళ్ళు ఎలా తిన్నారు అని జీపు వచ్చేదాకా సణుగుతూ ఉన్నాను. జీపులో ఎవరి వైపు వాళ్ళం చూస్తూ కూర్చున్నాం. గదుల దగ్గర దిగాక వంట ఆమె బాట వెంట వెళ్ళి మూట తెచ్చుకుంది.

సాయంత్రం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పెట్టారు. టీమ్ లీడ్ వచ్చి, గైడు మూడుసార్లు చెప్పాడు కదా ఆంటీ, బాట తిరిగి రాదని, మీరెక్కడున్నారు అంది. గదిలో ఉన్నామని చెప్పాను. రోజూ బీపీ చూసే వేళకు మా ఆయన తనంతట తానే చెయ్యి చాపారు. అక్కర్లేదన్నాను. ఆయన చెయ్యి కాసేపు అలాగే గాలిలో ఉంచి, వెనక్కి తీసుకున్నారు. చిన్నబుచ్చుకున్నాననుకున్నారు. కొంత అదీ నిజమే.

అరుగు మీద కూర్చుని ఆలోచిస్తే నాకు నచ్చని సంగతులు కొన్ని తేలాయి. ఆసుపత్రిలో అప్పటికే నన్ను పక్కన పెడుతున్నారు. కొత్త పిల్లలు, కొత్త మిషన్లు, కంప్యూటరులో రాయడాలు. మానేయడానికి కారణం వెతుక్కుంటున్న రోజుల్లో ఆయనకు గుండెపోటు వచ్చింది. నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. ఒక్క పేషంటు, రోజంతా డ్యూటీ, తప్పు పట్టేవాళ్ళు లేరు. ఆ పేషంటుకు నయమైతే నాకేం పని మిగులుతుందో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

పొద్దున గైడు ఇంకో బాట వైపు తీసుకెళ్తానన్నాడు. మా ఆయన బూట్లు కట్టుకుని, నేను లేస్తానో లేదోనని నిలబడ్డారు. నేను రానన్నాను. మాత్రల షీటులోంచి నాలుగు కత్తిరించి ఆయన చొక్కా జేబులో వేసి బొత్తాం పెట్టాను. తొమ్మిదికల్లా రమ్మంటే, పది అన్నారు. సరే అన్నాను. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూస్తారనుకున్నాను. చూడలేదు. ఎండుటాకుల మీద ఆయన అడుగుల చప్పుడు మిగతావాళ్ళ అడుగుల్లో కలిసిపోయేదాకా విన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వంట ఆమె చాయ్ తెచ్చి, నా పక్కనే అరుగు మీద కూర్చుంది. నిన్నటి నా పరుగు ఆమెకు మరపు రానట్టుంది.

“సారుకు బీమారి వచ్చి ఎన్నాళ్ళాయెనమ్మా?” అని అడిగింది.

చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఈ ప్రశ్నకు నా దగ్గర పెద్ద జవాబు ఉండేది, తేదీతో సహా, మందుల పేర్లతో సహా.

“తగ్గిపోయి ఏడాది దాటింది,” అన్నాను.