క్షమించే మాస్టారి భార్య

ఇస్సాకు మాస్టారంత క్షమించే మనిషి కొత్తపేట చుట్టుపక్కల లేడని మా సంఘంలో అందరూ అనేవారు. అనరూ మరి, నెలనెలా అందరి ముందూ భార్యను క్షమించేవాడాయె.

మా గుడిలో ఒక కట్టుబాటు ఉంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేర రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఆలుమగల మధ్య ఏ పొరపొచ్చం ఉన్నా ముందు సమాధానపడాలి, ఆ తర్వాతే రొట్టె ముట్టుకోవాలి. ఎవరింట్లో వాళ్ళు సమాధానపడి వస్తే చాలు. మాస్టారికి అది చాల్లేదు. భార్య ఎలీసమ్మగారు గుడిలో లేచి నిలబడి తన తప్పు చెప్పాల్సిందే.

ఆవిడ చేసిన తప్పేమిటంటే నిద్రపోవడం. డెబ్బై రెండులో, ముసురు రోజుల్లో, వాళ్ళ ఏడాది బాబుకి జ్వరం తగిలింది. రాత్రులు మేలుకుని బిడ్డను ఒళ్ళో పెట్టుకు కూర్చున్న మనిషి ఆఖరి రాత్రి ఓ కునుకు తీశారు. లేచేసరికి బాబు చల్లబడిపోయాడు. అప్పట్నుంచి నెలనెలా, "నిద్రపోయి బిడ్డను పోగొట్టేనండి, క్షమించండి," అనేవారు. మాస్టారు కళ్ళు మూసుకుని, "క్షమించేను," అనేవాడు. పగటిపూట ఇంట్లో ఆవిడ కాస్త నడుం వాలిస్తే, "ఈసారి ఎవర్ని చంపుదామని?" అని అడిగేవాడు. నిదానంగానే అడిగేవాడు, పిల్లలకి పాఠం చెప్పినట్టు. ఆవిడకీ అది న్యాయంగానే తోచేది. నాకు ఒళ్ళు మండిపోయేది గానీ, ఆవిడే తలొంచుకుంటే మనమేం చేస్తాం?

కొన్నేళ్ళకి మా వీధిలో దానమ్మ పసిపిల్ల వాంతులూ విరేచనాలతో పోయింది. నేనూ ఎలీసమ్మగారూ కలిసే వెళ్ళాం. దానమ్మ తల బాదుకుంటోంది. "కన్ను మూతపడిపోయిందండి, నేనే చంపుకున్నానండి."

ఎలీసమ్మగారు దాని చేతులు పట్టుకున్నారు. "ఊరుకోవే. మనిషివి కదా, ఎన్నాళ్ళని మేలుకుంటావు? మేలుకుంటే మాత్రం రోగం ఆగేదా? నీ తప్పేం లేదే తల్లీ," అని అక్కడే ఆగిపోయారు. తిరిగొస్తూ, "వదినగారూ, ఈ ముక్క నాకు నేనెందుకు చెప్పుకోలేదంటారు?" అని అడిగి, కాలవగట్టు మీద కూలబడి ఏడ్చారు. బిడ్డ పోయిననాడు కూడా ఆవిణ్ణి అలా ఏడవనివ్వలేదు ఎవరూ.

తర్వాతి మొదటి ఆదివారం ఆవిడ లేవలేదు. గుడంతా ఎదురుచూసింది. పాస్టరుగారు పేరు పెట్టి పిలిచారు.

"ఇంక అడగనండి. అది నా తప్పు కాదండి," అన్నారావిడ, కూర్చునే.

మాస్టారి మొహం మాడిపోయింది. "పశ్చాత్తాపం లేని మనిషిని నేనెలా క్షమించనండీ?" అన్నాడు. ఆవిడకి బల్ల ఆపేశారు. ఆడవాళ్ళు ఆవిడ చాప మీద కూర్చోవడం మానేశారు. మాస్టారు ఆవిడ చేతి కూడు మానలేదు గానీ మాట మానేశాడు. అదో పెద్ద శిక్ష అనుకున్నాడు పిచ్చిమనిషి. ఎలీసమ్మగారు ఆ ఏడాది కాస్త ఒళ్ళు చేశారు.

శిక్ష ఇంకో వైపు నుంచి వచ్చింది. మాస్టారిని చూసి దానమ్మ మొగుడు నతానియేలూ నేర్చుకున్నాడు. పెళ్ళాన్ని గుడిలో నిలబెట్టాడు. దానమ్మ లేచి, "నిద్రపోయేనండి, క్షమించండి. నా తప్పు లేదని ఎలీసమ్మగారు చెప్తే నమ్మి, గుండె రాయి చేసుకున్నానండి. అదీ క్షమించండి," అంది. గుడంతా స్తోత్రం అన్నారు. ఎలీసమ్మగారు వెనక వరసలో ఒక్కరే కూర్చుని విన్నారు.

బయటికి రాగానే దానమ్మ జుట్టు పట్టుకుందామని నేను కొంగు దోపాను. ఎలీసమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "దాన్నేం అనకండి. ఆ ఇంటికే వెళ్ళాలి కదండీ అది," అన్నారు.

ఎనభై అయిదులో మాస్టారు పోయాడు. ఆ పై నెల మొదటి ఆదివారం ఎలీసమ్మగారు ముందుకెళ్ళి, బల్ల దగ్గర ఆడవాళ్ళ వరసలో మోకరించారు. పాస్టరుగారు ఇబ్బందిగా వంగి, "సమాధానపడకుండానే ఆయన వెళ్ళిపోయేరు. ఇప్పుడు మిమ్మల్ని క్షమించేవారెవరమ్మా?" అన్నారు.

"ఆ రాత్రి ఆయనా నిద్రపోయేరండి," అన్నారు ఎలీసమ్మగారు. "పక్క మంచం మీదే. నేనెప్పుడూ ఆయన్ని నిలబడమనలేదండి."

పాస్టరుగారు పళ్ళెం పట్టుకుని నిటారుగా నిలబడ్డారు. రొట్టె పళ్ళెం ఆవిణ్ణి దాటి పక్కనున్న దానమ్మ దగ్గరికి వెళ్ళింది. దానమ్మ తల ఎత్తకుండా తన ముక్క తీసుకుంది.