మూడు రాజులు

రెండు వేల నాలుగు డిసెంబరులో మంచు కొండల మీది ఆ ఆర్మీ పోస్టుకు చేరాను. ఎత్తు పదిహేడు వేల అడుగులు. బంకరులో ముగ్గురం. పంజాబీ సుబేదారు, సబ్బవరం నుంచి వచ్చిన రేడియో ఆపరేటరు, మునగపాక వాణ్ణి నేను. ఏ చుట్టరికం లేకపోయినా ఆపరేటరు నన్ను బావా అని పిలిచేవాడు. అంత దూరంలో ఆ పిలుపు వింటే కడుపు నిండేది.

మాకు తెలిసింది రమ్మీ ఒక్కటే. పోకర్ సుబేదారు నేర్పాడు. మనిషికి ఐదు ముక్కలు. నచ్చనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. జత కంటే రెండు జతలు ఎక్కువ, వాటికంటే ఒకే రకం మూడు ఎక్కువ, ఐదూ వరసగా కుదిరితే ఇంకా ఎక్కువ. అగ్గిపుల్లలే పందెం. నిలవలేననుకున్నవాడు ముక్కలు పడేస్తాడు. అప్పుడు గెలిచినవాడు తన ముక్కలు చూపించనక్కర్లేదు. ఈ చివరి రూలే నన్ను వెధవని చేసింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం రెండింటికి మంచు తుఫాను హెచ్చరిక వచ్చింది. శాటిలైట్ ఫోనులో ఛార్జింగ్ ఒక్క కాల్‌కే మిగిలింది, తుఫాను తగ్గేదాకా మళ్ళీ ఎక్కదు. మీరిద్దరే తేల్చుకోండి అన్నాడు సుబేదారు. ఆపరేటరు తండ్రికి మర్నాడు గుండె ఆపరేషను. అది తెలిసీ ఆడదామన్నది నేనే.

నాకు పడింది ఒట్టి రెండ్ల జత, అన్నిటికంటే చిన్నది. ఒక్క ముక్కా మార్చలేదు. ఐదూ కుదిరినవాడే అలా కూర్చుంటాడు. అతను రెండు మార్చాడు. నా పుల్లలన్నీ ముందుకు తోశాను.

"బావా, నిజంగా పడ్డాయేటి?"

"నీకెప్పుడైనా అబద్దం సెప్పేనేటి?"

ఆట వదిలేస్తూ, కిరసనాయిలు డబ్బా మీద తన ముక్కలు వెల్లకిలా పరిచాడు. మూడు రాజులు.

"నువ్వు సెప్పేక ఇంకేటి బావా. మాటాడుకో" అని ఫోను నా వైపు జరిపాడు.

నా ముక్కలు గబుక్కున కట్టలో కలిపేశాను. నాలుగు నిమిషాలు మా ఆవిడతో మాట్లాడాను. చెరకు ఫ్యాక్టరీకి తోలేశారా, గేదె ఈనిందా. అంతే.

మూడో రోజు రేడియోలో కబురు వచ్చింది. ఆపరేషను బల్ల మీదే తండ్రి పోయాడు. ఆ కబురు విని, కాగితం మీద రాసుకున్నది అతనే.

"నీ తప్పేటుంది బావా. ముక్కలు నీకు పడ్డాయి" అన్నాడు. నాకు పడింది రెండ్ల జతేనని అప్పుడూ చెప్పలేదు.

ఏప్రిల్లో ఇద్దరం సెలవు మీద అనకాపల్లి స్టేషన్లో దిగాం. వాళ్ళమ్మ ఎదురొచ్చింది.

"అమ్మా, ఈడే మా బావ. అక్కడ నన్ను సూసుకున్నోడు."

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. నేను బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

రిటైరై మునగపాకలోనే ఉంటున్నాను. పోకర్ నేర్పు మామా అని ఊళ్ళో కుర్రాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. చెబుతాను. చివరి రూలు దగ్గరికి వచ్చేసరికి డబ్బా మీద మూడు రాజులు కనిపిస్తాయి. వాటి పక్కనుంచి ఫోను నా వైపు జరుపుతున్న అతని చెయ్యి.